సోదరీత్వమూ, వైద్యవిద్యా: ఒక నైతిక ప్రశ్న

డాక్టరు కావాలన్న కోరికతో అమెరికాలో కాలేజీ మొదటి సంవత్సరంలో చేరే ఆడపిల్లలు ఏటా ఒక ప్రశ్న వేస్తూ ఉంటారు: సొరారిటీలో చేరి, ఆ జీవితంలో పాలుపంచుకుంటూనే, ప్రీమెడ్ చదువు నెగ్గుకురావటం సాధ్యమేనా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పేవాళ్లకు కొదవ లేదు. సీనియర్లు చెపుతారు, కాలేజీ సలహాదారులు చెపుతారు, తల్లిదండ్రులు అడక్కుండానే చెపుతారు. ఆ సమాధానాలన్నీ టైంటేబులు రూపంలో ఉంటాయి. పొద్దున ఇన్నింటికి లేవాలి, లైబ్రరీలో ఇన్ని గంటలు కూచోవాలి, శనివారం రాత్రి తప్ప విందులకు పోరాదు, ఇట్లా. వీటన్నిటికీ కలిపి పెట్టిన పేరు సమతూకం.

ఈ మాటను నేను అనుమానిస్తున్నాను. త్రాసుకు రెండు పళ్లేలుంటాయి. ఒకదానిలో చదువు, రెండోదానిలో స్నేహం పెట్టి ముల్లు నిలబడేట్టు చూడటమే పని అయితే, అది కిరాణాకొట్టు నడిపేవాడికి రోజూ ఉండే పనే. అందులో నైతిక ప్రశ్న ఏదీ లేదు. నైతిక ప్రశ్న ఉన్నది మరొకచోట. చదువూ స్నేహమూ పోట్లాడుకున్నప్పుడు కాదు, అవి రెండూ రాజీపడినప్పుడు అది పుడుతుంది. ఈ సంగతి తేలాలంటే ముందు ఆ రెండు వ్యవస్థలూ ఎటువంటివో చెప్పుకోవాలి.

సొరారిటీ అంటే కాలేజీ ఆడపిల్లల సంఘం. గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకుంటుంది. దానికి రహస్య ప్రమాణాలూ, తంతులూ, చిహ్నాలూ ఉంటాయి. చాలాచోట్ల సొంత ఇల్లు ఉంటుంది. సభ్యులు ఒకరినొకరు అక్కచెల్లెళ్లనుకుంటారు. కొత్తగా చేరిన పిల్లకు ఒక పెద్దక్కను ఏర్పాటు చేస్తారు. అయితే ఇందులో ఎవరు పడితే వాళ్లు చేరటానికి వీల్లేదు. 'రష్' అనే ఎంపిక ఒకటి జరుగుతుంది. కొన్ని రోజులపాటు చేరదలచిన పిల్లలు ఇల్లిల్లూ తిరుగుతారు. లోపలివాళ్లు వారితో కాసేపు మాట్లాడి, రాత్రికి తలుపులు వేసుకుని ఎవరు కావాలో ఎవరు వద్దో తేల్చుకుంటారు. చివరిరోజున పిలుపు వస్తుంది, లేదా రాదు. అక్కాచెల్లెలి వరసను వోటు వేసి ఖాయం చెయ్యటం మనకు వింతగా ఉంటుంది. చేరినాక చందాలు కట్టాలి; టరముకు వందల డాలర్లు, కొన్నిచోట్ల వేలు. తప్పనిసరి సమావేశాలకు రాకపోతే చాలాచోట్ల జుల్మానా కూడా ఉంటుంది.

దీన్ని పనిలేని పిల్లల సరదాగా కొట్టివేయటం అన్యాయమవుతుంది. చరిత్ర చూస్తే ఇది వెలివేయబడినవాళ్లు కట్టుకున్న ఇల్లు. ఇండియానా రాష్ట్రంలోని ఆస్బరీ విశ్వవిద్యాలయం 1867లో ఆడవాళ్లను చేర్చుకున్నది. చేర్చుకున్నదేగాని, మగపిల్లల సంఘాలు వారిని దగ్గరికి రానివ్వలేదు. 1870లో నలుగురు విద్యార్థినులు అక్కడే తమ సంఘం తాము పెట్టుకున్నారు. అదే కాపా ఆల్ఫా థీటా. సొరారిటీ అనే మాటకూడా అప్పటికి లేదు. 1874లో సిరక్యూస్‌లో పుట్టిన మరొక సంఘాన్ని ఉద్దేశించి అక్కడి లాటిన్ పంతులొకాయన, సోదరి అనే అర్థమిచ్చే లాటిన్ మాటనుంచి దాన్ని తయారు చేశాడు. అంతకుముందు వీటినికూడా సోదర సంఘాలనే పిలిచేవారు!

ఆడవాళ్ల వైద్యవిద్య చరిత్రకూడా ఇటువంటిదే. ఎలిజబెత్ బ్లాక్‌వెల్‌ను చేర్చుకోవాలా వద్దా అన్నది తేల్చలేక జెనీవా వైద్య కళాశాలవారు 1847లో ఆ విషయాన్ని విద్యార్థుల వోటుకు పెట్టారు. అదేదో హాస్యమనుకుని ఆ మగపిల్లలంతా సరేనన్నారు. ఆమె 1849లో పట్టా పుచ్చుకున్నది. ఆ తరవాత నూట ఇరవై ఏళ్లు గడిచి 1970 వచ్చేసరికికూడా అమెరికా వైద్య కళాశాలల్లో చదివేవారిలో ఆడవాళ్లు నూటికి పదిమంది లేరు. 2019లో మొదటిసారిగా సగం దాటారు. అంచేత, ఈనాడు సొరారిటీ మెట్లమీద నిలబడి కెమిస్ట్రీ గురించి దిగులుపడే పద్దెనిమిదేళ్ల పిల్ల, తనకు తెలియకపోయినా, రెండు పోరాటాల ఫలితాన్ని అనుభవిస్తున్నదన్నమాట. ఈ మాట ఆమెను ఎవరైనా వేళాకోళం చేసేముందు గుర్తుంచుకోవాలి.

ఇక ప్రీమెడ్. మన దేశంలో ఇంటర్మీడియెటు కాగానే నీట్ పరీక్ష రాసి ఎం.బి.బి.ఎస్.లో చేరతారు. అమెరికాలో ముందు నాలుగేళ్ల డిగ్రీ కావాలి. వైద్యం ఆ తరవాత. 1893లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల డిగ్రీ లేనిదే ప్రవేశం లేదన్నది. 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చినాక దేశమంతా క్రమంగా ఆ దారిన నడిచింది. ఆ నివేదిక నాటువైద్య దుకాణాల్లాటి కళాశాలలను మూయించి మేలు చేసిన మాట నిజమే. నల్లవారికున్న ఏడు వైద్య కళాశాలల్లో అయిదు మూతపడటానికికూడా అదే కారణమైంది. ప్రీమెడ్ అంటే ప్రత్యేకమైన డిగ్రీ ఏమీ కాదు. జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, రెండు దశల రసాయనశాస్త్రం, వాటి లాబొరేటరీలు పూర్తిచేసి, ఎంకాట్ అనే ప్రవేశపరీక్ష రాయటానికి సిద్ధపడటం. 2023లో వైద్య కళాశాలలకు దరఖాస్తు పెట్టినవాళ్లు యాభై వేలు దాటారు. సీట్లు దొరికినవాళ్లు ఇరవైమూడు వేలు. మొదటి సంవత్సరంలో డాక్టరు కావాలనుకుని దరఖాస్తు దాకా రాకుండానే రాలిపోయినవాళ్లు ఈ లెక్కలో లేరు.

వారు రాలిపోయేది ముఖ్యంగా మొదటి సంవత్సరంలోనే. ఆ తరగతులకు విద్యార్థులు పెట్టుకున్న పేరు 'ఏరివేత కోర్సులు'. రెండు మూడు వందలమంది ఒక హాలులో కూచుని రసాయనశాస్త్రం వింటారు. చాలాచోట్ల గ్రేడు ఇచ్చే పద్ధతిని కర్వు అంటారు. నువ్వెంత నేర్చుకున్నావన్నది కాక, పక్కవాళ్లకంటె ఎంత ఎక్కువ నేర్చుకున్నావన్నది చూసి, పైన ఇంతమందికి ఏ, తరవాత ఇంతమందికి బీ అని పంచుతారు. ఆ మొదటి టరములో వచ్చిన సీ గ్రేడు చెరిగిపోదు. మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నా, దరఖాస్తులో రెండూ కలిపే సగటు కడతారు.

ఇప్పుడు గంటల లెక్క. వారానికి 168 గంటలు. నిద్రకు 56 పోగా 112 మిగులుతాయి. పదిహేను క్రెడిట్ల చదువుకు, తరగతులూ ఇంటిపనీ కలిపి, 45 గంటలు చాలునని ఉపాధ్యాయుల అంచనా. లాబొరేటరీకోసం ఇంకో అయిదు వేసుకున్నా 62 గంటలుంటాయి. సొరారిటీ మామూలు వారాల్లో ఇందులో చిన్న వాటా తీసుకుంటుంది. కాబట్టి కాలం చాలదన్న మాట లెక్కకు నిలవదు. సోమవారం పరీక్ష, శనివారం నాట్యవిందు వచ్చినప్పుడు బాధ ఉంటుంది; అటువంటి బాధ పెళ్లిళ్ల రోజుల్లో పరీక్షలు రాసిన మన పిల్లలందరికీ తెలుసు. నిజంగా గంటలు చాలనిది వేరొక పిల్లకు. ఆమె భోజనశాలలో పళ్లేలు కడిగి ఫీజు కట్టుకుంటుంది. ఆమె సొరారిటీలో లేదు, చందా కట్టలేదు. సమతూకంమీద సలహాలిచ్చేవాళ్ల త్రాసులో ఆమెకు పళ్లెం లేదు. ఈ పిల్లను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. మళ్లీ వస్తుంది.

సొరారిటీలో చేరటం చదువుకు అడ్డుకాదని వాదించేవాళ్లు ఒక మంచి కారణం చెపుతారు. అక్కడ అక్కలున్నారు. వాళ్లు ఇదే రసాయనశాస్త్రం కిందటేడు చదివారు. అర్థంకాని చోట చెపుతారు, ఏ ప్రొఫెసరు ఎట్లాంటివాడో చెపుతారు, పరీక్ష పోయి ఏడుస్తుంటే పక్కన కూచుంటారు. పైగా చాలా సంఘాలు సభ్యుల సగటు గ్రేడు ఇంతకు తగ్గరాదని నియమం పెట్టి, లైబ్రరీలో వారానికిన్ని గంటలు కూచోబెడతాయి కూడాను. ఇదంతా నిజం. ఇంటినుంచి మొదటిసారి దూరమైన పిల్లకు ఇంతకంటె కావలసిందేమున్నది?

కాని ఆ ఇంట్లో ఇంకొకటికూడా ఉంటుంది. అన్ని సంఘాలలోనూ ఉన్నదనను, చాలాచోట్ల ఉన్నది. దాన్ని పరీక్షల ఫైలు అంటారు. పూర్వం బీరువాలో కాగితాల కట్టలుగా ఉండేది. ఈనాడు కంప్యూటరులో ఉంటుంది. ఏళ్ల తరబడి సభ్యులు రాసిన పరీక్షల ప్రశ్నపత్రాలు, దిద్దిన జవాబులు, లాబొరేటరీ రిపోర్టులు, కోర్సువారీగా, ప్రొఫెసరువారీగా సర్ది పెట్టి ఉంటాయి. ప్రొఫెసర్లు మనుషులే, ఏటేటా కొత్త ప్రశ్నలు పుట్టించలేరు. అంకెలు మారతాయి, ప్రశ్న మారదు. ఆ ఫైలు చూసుకున్న పిల్ల ఏం చదవాలో మాత్రమే కాక, ఏం చదవనక్కరలేదో తెలుసుకుని పరీక్షకు పోతుంది. ఆమెకు శనివారంనాటి నాట్యవిందుకు తీరిక దొరికింది ఇక్కడే. సమతూకం కుదిరింది!

ఇది దొంగతనమా? అనలేం. ప్రొఫెసరు దిద్ది తిరిగి ఇచ్చిన కాగితం ఆ విద్యార్థిది. దాన్ని చెల్లెలికి చూపిస్తే సాధారణంగా తప్పు పట్టరు. తిరిగి ఇవ్వని కాగితాన్ని ఫోటో తీసి దాచటం నేరం. ఆ సంగతి వేరు. నేను మాట్లాడుతున్నది నేరం గురించి కాదు. ఏ నియమాన్నీ మీరకుండా, ఎవరికీ అపకారం తలపెట్టకుండా, కేవలం ప్రేమతో చేసిన సహాయం గురించి.

దీనికి ఒక బలమైన సమర్థన ఉన్నది. స్నేహమంటేనే పక్షపాతం. తల్లి తన బిడ్డకు పాలిస్తుంది, ఊళ్లో బిడ్డలందరికీ ఇవ్వదు. అంతమాత్రాన ఆమె అన్యాయం చేసిందంటామా? అందరినీ సమానంగా ప్రేమించేవాడు ఎవరినీ ప్రేమించనట్టే. అక్క చెల్లెలికి కాకపోతే మరెవరికి సహాయం చేస్తుంది? ఈ వాదాన్ని తేలిగ్గా తోసివెయ్యరాదు. అభ్యుదయం పేరుతో దగ్గరివాళ్లమీది మమకారాన్నే తప్పుగా చూసేవాళ్లు కొందరున్నారు. వాళ్ల మాట మనుషులెవరూ వినరు, వినవలసిన అవసరమూ లేదు.

అయితే ఆ పోలిక ఇక్కడ అతకదు. ఈ తల్లి తన బిడ్డకు పాలిస్తే పొరుగు బిడ్డ పాలు తగ్గవు. కర్వులో తగ్గుతాయి. పైనున్న ఏ గ్రేడులు ఇన్నేనని ముందే లెక్క కట్టి ఉన్నచోట, ఒక పిల్ల పైకి వెళ్లటమంటే మరొక పిల్ల కిందికి దిగటమే. ఆ కిందికి దిగిన పిల్ల పేరు ఎవరికీ తెలియదు. ఎవరూ ఆమెను తొయ్యలేదు. ఆమే భోజనశాలలో పళ్లేలు కడిగి, రాత్రి పదింటికి పుస్తకం తెరిచిన పిల్ల కావచ్చు. లాబొరేటరీలో ఈ ఇద్దరినీ ఒకే బల్లదగ్గర జతచేసి ఉండవచ్చు. ఇద్దరూ కలిసి ఒకే బ్యూరెట్‌లో ద్రవం చుక్కచుక్కగా వదులుతారు, ఒకరి జోకులకు ఒకరు నవ్వుకుంటారు. స్నేహం ఇక్కడ కూడా ఉన్నది. దీన్ని ఎవరూ వోటు వేసి ఖాయం చెయ్యలేదు గనక దీనికి ఫైలు లేదు, అంతే తేడా.

స్నేహాన్ని అరిస్టాటిల్ ప్రయోజనంకోసం, వినోదంకోసం, మంచితనంకోసం అని మూడు రకాలుగా విడదీశాడు. సొరారిటీలో ఈ మూడూ కలగలిసి ఉంటాయి. నిజానికి మనుషుల స్నేహాలన్నీ అట్లాగే ఉంటాయి. చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, ప్రయోజనం తన లెక్కలన్నీ మంచితనం పేరుమీద రాసుకుంటున్నది. చెల్లెలికి ఫైలు ఇచ్చిన అక్క తాను పోటీలో ఒక ఎత్తు వేశాననుకోదు, ప్రేమ చూపాననుకుంటుంది. ప్రేమే చూపింది కూడాను. ఆ ప్రేమకూ బయటి పిల్లకు జరిగిన అన్యాయానికీ మధ్య ఉన్నది కర్వు. కర్వును ఆ అక్కాచెల్లెళ్లు చెయ్యలేదు. కనక ఈ తప్పునంతా తెచ్చి పద్దెనిమిదేళ్ల పిల్ల నెత్తిన రుద్దటం నాకు సమ్మతం కాదు. రేపు ఆమె చేతుల్లో చావబోయే రోగిని ఇప్పుడే కళ్లముందు పడుకోబెట్టి ఆమెను బెదిరించేవాళ్లున్నారు, అదికూడా దబాయింపే. డాక్టరైనాక ఆమెకు మొదటి సంవత్సరపు రసాయన సమీకరణాలు సగం గుర్తుండవు, వాటితో పెద్దగా పనీ ఉండదు. ఆమెకు మిగిలేది అలవాటు. తలుపులోపల ఉన్నవాళ్లకు చెయ్యి అందివ్వటం, బయటివాళ్లు కనపడకపోవటం అనే అలవాటు. వైద్యవృత్తిలో తలుపు తోసుకుని వచ్చేవాళ్లందరూ బయటివాళ్లే.

ఇల్లు కట్టుకున్న వెలివారు తామే మళ్లీ వెలివెయ్యగలరని చరిత్ర చెపుతూనే ఉన్నది. తెల్ల సొరారిటీలు నల్లపిల్లలను రానివ్వకపోతే హోవార్డ్ విశ్వవిద్యాలయంలో నల్లపిల్లలు 1908లో ఆల్ఫా కాపా ఆల్ఫా పెట్టుకున్నారు. ఆ తరవాత శతాబ్దం గడిచి, 2013 సెప్టెంబరులో, అలబామా విశ్వవిద్యాలయంలో నల్లపిల్లలను రంగు కారణంగా తిరస్కరించిన వైనాన్ని అక్కడి విద్యార్థుల పత్రిక 'ది క్రిమ్సన్ వైట్' బయటపెట్టింది. దేశమంతా అల్లరైనాక ఆ తలుపులు కొద్దిగా తెరుచుకున్నాయి.

అదే ఆల్ఫా కాపా ఆల్ఫా చరిత్రలో మరొక అధ్యాయమున్నది. డొరతీ ఫెరెబీ అనే నల్లజాతి వైద్యురాలు 1924లో టఫ్ట్స్‌లో వైద్యపట్టా పుచ్చుకున్నది. తెల్లవారి ఆసుపత్రులు శిక్షణకు చేర్చుకోకపోతే వాషింగ్టన్‌లోని ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రికి పోయింది. 1935 వేసవిలో ఆమె తన సొరారిటీ సభ్యులను వెంటబెట్టుకుని మిసిసిపీ డెల్టాకు బయలుదేరింది. అక్కడి పత్తితోటల్లో పాలుకు చేసే నల్ల కుటుంబాల పిల్లలకు మశూచికీ, డిఫ్తీరియాకూ టీకాలు వెయ్యటం వారి పని. తోటల యజమానులు తమ కూలీలను వైద్యశిబిరానికి పోనివ్వలేదు. అప్పుడు ఈ ఆడవాళ్లు మందులూ సామానూ తమ కార్లలో వేసుకుని తోటలకే పోయి, చెట్లకిందా చర్చీల్లోనూ టీకాలు వేశారు. 1940ల మొదటిదాకా వేసవుల్లో ఈ పని సాగింది. ఫెరెబీ ఆ సంఘానికి జాతీయ అధ్యక్షురాలుకూడా అయింది. సొరారిటీనీ వైద్యాన్నీ ఎట్లా సమతూకం చేస్తావని ఆమెను అడిగితే ఆ ప్రశ్నే ఆమెకు అర్థమయ్యేది కాదేమో. ఆ కార్లలో అవి రెండు పనులు కావు.

ఈ ఉదాహరణను సొరారిటీలవారు దానధర్మాల పద్దులో వేసుకుని గర్వపడుతూ ఉంటారు. నేటి సంఘాలుకూడా ధర్మకార్యాలు చేస్తాయి. కేకులమ్మి డబ్బు పంపుతాయి, పరుగుపందాలు పెడతాయి. వాటిని ఆక్షేపించను. కాని డబ్బు పంపటంలో తలుపు తెరవవలసిన పని లేదు. ఫెరెబీ బృందం తమ సంఘానికి ఎన్నడూ సభ్యులు కాబోనివారి దగ్గరికి పోయింది. ఆ తేడా చిన్నది కాదు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకుకూడా ఈ ప్రశ్న ఇప్పుడు ఇంటిలోకి వచ్చింది. వారి ఆడపిల్లల్లో చాలామంది ప్రీమెడ్ అంటున్నారు; కొందరు సొరారిటీల వైపు చూస్తున్నారు. దక్షిణాసియా పిల్లలకోసమే 1998లో టెక్సాస్‌లో మొదలైన సొరారిటీలుకూడా ఉన్నాయి. తల్లిదండ్రుల అభ్యంతరం ఒక్కటే: మార్కులు తగ్గుతాయేమో! తగ్గకపోతే, సరే. ఫైలు ధర్మమా అని మార్కులు పెరిగితే, ఇంకా సరే. ఇక్కడ కోచింగు హాస్టళ్లలో పక్కమంచం పిల్లను ర్యాంకుగా చూడటం నేర్పిన మన సమాజం, అక్కడికి పోయి మరో ప్రశ్న వేస్తుందని ఆశించటం కష్టమే. పిల్ల రాత్రి బయట తిరుగుతుందేమోనన్న భయానికి వెయ్యి మాటలున్నాయి. పిల్ల పొందే సహాయం ఎవరి వాటాలోనుంచి వచ్చిందన్న దానికి మాట లేదు.

మరి ఆ పిల్ల ఏం చెయ్యాలి? చేరవద్దని నేననను. ఒంటరితనం నైతిక సాధన కాదు. మొదటి సంవత్సరంలో అది చాలామందిని చదువులోనుంచే తరిమింది. తొందరపడకుండా రెండో టరముదాకా ఆగితే మంచిది; కొన్ని కాలేజీలు రష్‌ను ఆ విధంగానే వెనక్కు జరిపాయి. అప్పటికి పిలుపు రాకపోయినా బతకగలనని తెలుస్తుంది. చేరినాక ఫైలు ఆమె చేతికి వస్తుంది. దాన్ని తన లాబొరేటరీ జతగత్తెకు చూపిస్తే అక్కలకు కోపం రావచ్చు. సంఘం రహస్యాలు కాపాడుతానని ప్రమాణం చేసి ఉంటుంది. చూపించకపోతే ఎవరికీ కోపం రాదు. ఏ మాటను నిలబెట్టాలన్నది ఆమె తేల్చుకోవలసిందే. సంఘంలో లేచి, ఈ ఫైలు అందరికీ తెరుద్దామని అడగవచ్చు, ఓడిపోవచ్చు కూడా. అయినా అడిగిన సంగతి ఆ ఇంట్లో అందరికీ గుర్తుంటుంది.

ఉపాధ్యాయుల పని ఇంతకంటె సులభం. కొందరు ప్రొఫెసర్లు తమ పాత ప్రశ్నపత్రాలన్నీ జవాబులతోసహా తరగతి మొత్తానికి ముందే ఇచ్చివేస్తున్నారు. మరికొందరు కర్వు ఎత్తివేసి, ఇంత నేర్చుకున్నవాళ్లందరికీ ఏ ఇస్తామంటున్నారు. అటువంటి తరగతుల్లో ఫైలుకు విలువ లేదు. అంతమాత్రాన సొరారిటీలు మూతపడలేదు. పిల్లలు చేరుతూనే ఉన్నారు. పరీక్ష పోయిన రాత్రి అక్క పక్కన కూచునే ఉంటున్నది.